ఇక దేవుడే దిక్కు: పదపదానికీ వ్యాఖ్యానం

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ గేటు బయట, మైండ్‌స్పేస్ ఫుడ్‌కోర్టుల్లో, మాదాపూర్ పీజీ హాస్టళ్ల మెట్ల మీద తరచూ చెవిన పడే వాక్యం ఒకటుంది: "ఇక దేవుడే దిక్కు." మూడే మాటలు. క్రియ లేదు. ఎవరికి దిక్కో చెప్పలేదు. మనకిది ఎంత అలవాటైందంటే, దీనికీ నిట్టూర్పుకీ తేడా చూడటం మానేశాం. ఈ వాక్యాన్ని మూలంగా పెట్టుకుని, పూర్వపు వ్యాఖ్యాతల పద్ధతిలో ఒక్కో పదాన్నీ విడదీసి చూడాలని ఈ ప్రయత్నం. తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. ఇది ప్రార్థనేనా? కాకపోతే, ఇంకేం చేరితే ప్రార్థన అవుతుంది?

ఇక

'ఇక' కాలాన్ని చెప్పే మాట. అంటే, ఇంతవరకూ ఒకటి నడిచింది, ఇకమీదట అది నడవదు అని గీత గీస్తుంది. ఆ గీత రెండు రకాలుగా పడుతుంది.

ఒకటి, చేయగలిగిందంతా చేశాక పడేది. ప్రాజెక్టు అయిపోయింది, మనిషి బెంచ్ మీదికి వచ్చాడు. బెంచ్ అంటే, జీతం వస్తూ పని లేని స్థితి; పైకి సుఖంలా కనిపిస్తుంది, లోపల రోజులు లెక్కపెట్టుకోవడమే. లోపలి ఇంటర్వ్యూలన్నీ ఇచ్చాడు. స్నేహితులను రిఫరల్స్ అడిగాడు. పాత మేనేజర్‌కి మెసేజ్ పెడితే నీలిరంగు టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. అప్పుడు 'ఇక' అన్నాడు. భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడిది ఈ రకం. మొసలి కాలు పట్టిన మొదటి రోజే అతడు దేవుణ్ణి పిలవలేదు. వెయ్యేళ్లు పోరాడాడు. బలం ఉడిగి, ప్రాణాలు కదిలిపోతున్నాయని తెలిశాక పిలిచాడు.

రెండోది, మన ప్రయత్నంతో నిమిత్తం లేకుండా నెత్తిన పడేది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నాడు. అప్పటికి ఆ కంపెనీలో సుమారు 53 వేల మంది. ముందు రోజు సాయంత్రం వరకూ వాళ్లకు ఉన్నది అప్రైజల్ గురించిన చింత మాత్రమే. మర్నాటికి, నెలాఖరుకు జీతం పడుతుందా అన్నది ప్రశ్న. ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది, సంస్థ నిలబడింది. కానీ ఆ మూడు నెలల 'ఇక'లో ఆ ఉద్యోగుల తప్పు లేదు, వాళ్ల ప్రయత్నలోపమూ లేదు. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చినప్పుడు పడినదీ ఈ రకం గీతే.

ఇక్కడ ఒక శంక. అన్ని తలుపులూ మూసుకున్నాక గుర్తొచ్చే దేవుడు, దేవుడికే అవమానం కాదా? సమాధానం: గీత ఏడో అధ్యాయంలో తనను సేవించేవారు నాలుగు రకాలని కృష్ణుడు చెప్పాడు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆర్తుడంటే ఆపదలో చిక్కుకున్నవాడు. అర్థార్థి అంటే ఏదో ఒకటి కావాలని కోరేవాడు. జ్ఞాని తనకు ఎక్కువ ప్రియుడని చెబుతూనే నలుగురినీ ఉదారులన్నాడు. అంటే, వచ్చిన సందర్భాన్ని బట్టి ఎవరినీ తోసిపుచ్చలేదు. ఉన్నదాన్ని పోగొట్టుకుని వచ్చినవాడు ఆర్తుడు, లేనిది కావాలని వచ్చినవాడు అర్థార్థి అని వ్యాఖ్యాతల్లో ఒక వివరణ ఉంది. ఆ లెక్కన లేఆఫ్ అయినవాడు ఆర్తుడు, వీసా కోరేవాడు అర్థార్థి. బయట నుంచి చూస్తే ఇద్దరి ముఖాలూ ఒకేలా వాడి ఉంటాయి. ఎవరు ఏమిటో మనం తేల్చనక్కర్లేదు.

దేవుడు

ఈ పదం దగ్గర ఎక్కువసేపు ఆగను. ఒకే క్యాబ్‌లో షిఫ్టుకు వెళ్లే నలుగురిలో ఒకడికి ఇది చిలుకూరు బాలాజీ, ఒకడికి జూబ్లీహిల్స్ పెద్దమ్మ, ఒకడికి ఆదివారం చర్చిలో కీర్తనలు పాడించుకునే యేసు ప్రభువు, ఒకడికి అల్లా. రాయదుర్గం దగ్గర బస్సు దిగేచోటుకు 'దర్గా' అనే పేరు హుస్సేన్ షా వలీ దర్గా వల్ల వచ్చింది. హుస్సేన్‌సాగర్ కట్టించిన పెద్దమనిషిగా ఆయన్ని నగరం గుర్తుపెట్టుకుంది. ఆ దారినపోతూ కారు అద్దం దించి నమస్కారం పెట్టేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఈ వాక్యంలో 'దేవుడు' అంటే ఎవరన్నది పలికినవాడికి తెలుసు. వ్యాఖ్యానానికి అది చాలు.

ఏ

మూడు మాటలన్నాను గానీ, వాక్యానికి ప్రాణం 'దేవుడే' చివరనున్న 'ఏ'లో ఉంది. దీన్ని అవధారణం అంటారు, అంటే నొక్కి నిశ్చయించడం. సంస్కృతంలో దీనికి సాటి 'ఏవ'. తార్కికులు దీన్ని మూడుగా విడగొట్టారు, మూడింటికీ పాతకాలం నుంచీ చెప్పుకునే ఉదాహరణలున్నాయి.

'శంఖం తెల్లనిదే.' అంటే, శంఖానికి తెలుపు లేకుండా ఉండటమన్నది లేదు. లోకంలో ఇంకేదీ తెల్లగా ఉండదని దీనర్థం కాదు. దీని పేరు అయోగవ్యవచ్ఛేదం, అనగా సంబంధం లేకపోవడాన్ని కొట్టివేయడం. 'పార్థుడే విలుకాడు.' అంటే, అంతటి విలుకాడు మరొకడు లేడు. ఇది అన్యయోగవ్యవచ్ఛేదం, అనగా ఇతరులను కొట్టివేయడం. 'కలువ నల్లగా ఉండనే ఉంటుంది.' అంటే, కలువలన్నీ నల్లనివి కావు, నల్లకలువ అసంభవమూ కాదు. ఇది అత్యంతాయోగవ్యవచ్ఛేదం, అనగా బొత్తిగా కుదరదన్న మాటను కొట్టివేయడం. పేర్లు నోరు తిరగనివే అయినా తేడా చాలా పదునైనది.

ఇప్పుడు మన వాక్యానికి రండి. 'దేవుడు దిక్కే' అన్నామనుకోండి: దేవుడు కాపాడకపోవడమన్నది లేదు. 'దేవుడే దిక్కు' అంటే: ఇంకెవరూ కాపాడరు. 'దేవుడు దిక్కు కానే అవుతాడు' అంటే: కాపాడిన సందర్భాలూ ఉన్నాయి. మూడూ వేరువేరు వాక్యాలు. ఒకదాన్ని ఒప్పుకుంటే మరొకటి దానంతట అది రాదు.

నిరాశ రుజువు చేసేది రెండోదాన్ని మాత్రమే. మేనేజర్ చేతులెత్తేశాడు, కన్సల్టెన్సీ ఫోను తీయడం లేదు, లాయరు 'వెయిట్ చేయండి' తప్ప ఇంకో మాట అనడం లేదు. కాబట్టి మనుషుల్లో ఎవరూ లేరు. అంతవరకే. దేవుడు తప్పక కాపాడతాడన్న మొదటి వాక్యం ఇందులోంచి పుట్టదు. సందేహం నిలిచేది సరిగ్గా అక్కడ. అందువల్ల ఒకే మనిషి ఒకే క్షణంలో 'దేవుడే దిక్కు' అని గట్టిగా నమ్ముతూ, 'దేవుడు దిక్కేనా?' అని సందేహపడుతూ ఉండగలడు. ఇందులో వైరుధ్యం లేదు. ఆ రెండో మాట మనసులో మెదిలినందుకు తన భక్తి దొంగభక్తేమోనని కుమిలిపోయేవాళ్లు నాకు తెలుసు. వాళ్లు రెండు 'ఏ'లను కలిపేసుకుంటున్నారు.

సందేహమంటే ఏమిటో కూడా కచ్చితంగా చెప్పుకోవాలి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఆయన లెక్కలో సంశయమంటే, ఒకే వస్తువు మీద పరస్పరం పొసగని రెండు ధర్మాలను మనసు ఒకేసారి ఆరోపించడం. దూరాన నిలబడి ఉన్నది మోడా, మనిషా? ఇది తెలియకపోవడం కాదు. ఏమీ తెలియనివాడికి సంశయం రాదు. ఏదో ఒకటి నిలబడి ఉందని కళ్లకు కనిపిస్తేనే ఈ ప్రశ్న పుడుతుంది. కాన్సులేట్ నుంచి 221జి స్లిప్పు పట్టుకుని బయటికి వచ్చినవాణ్ణి చూడండి. ఆ కాగితం చట్టప్రకారం తిరస్కారమే, కానీ అడిగిన పత్రాలు ఇస్తేనో పరిశీలన పూర్తయితేనో వీసా రావచ్చు. వచ్చినట్టూ కాదు, పోయినట్టూ కాదు. "ఏమైందిరా?" అని ఇంటి నుంచి అమ్మ ఫోను చేస్తే ఏం చెప్పాలో తోచక "ఇంకా ఏం తేలలేదమ్మా" అంటాడు. పాస్‌పోర్టు సంగతి సరే, దేవుడి సంగతీ వాడికి ఆ వారం అలాగే ఉంటుంది.

మరి సంశయాత్ముడు నశిస్తాడని గీత నాలుగో అధ్యాయం చెబుతోంది కదా? ఈ మాటతో సందేహం వచ్చిన ప్రతివాణ్ణీ బెదిరించడం మనవాళ్లకు అలవాటు. సందర్భం చూడాలి. అక్కడ సంశయాత్ముడు ఒంటరిగా లేడు. తెలియనివాడు, శ్రద్ధ లేనివాడు అన్న ఇద్దరి పక్కన నిలబెట్టి చెప్పిన మాట అది. అంటే, సంశయాన్ని స్వభావంగా చేసుకుని ఎటూ అడుగు వేయనివాడు. రెండు అధ్యాయాలు దాటగానే ఆరో అధ్యాయంలో అర్జునుడు తన సంశయాన్ని కృష్ణుడి ముందే పెట్టి, దీన్ని ఛేదించగలవాడివి నువ్వే అంటాడు. కృష్ణుడు నొచ్చుకోలేదు, జవాబు చెప్పాడు. సంశయం ఉండటం ఒకటి, దాన్ని ఎవరి ముందు పెట్టామన్నది మరొకటి.

ఈ 'ఏ' వల్ల పుట్టే ఇంకో ప్రమాదకరమైన భ్రమను కూడా ఇక్కడే తొలగించాలి. 'దేవుడే' అన్నాం కనుక డాక్టరు వద్దు, కౌన్సెలర్ వద్దు అనుకోవడం. ఈ వాక్యం కొట్టివేసేది వేరే దిక్కులను, సాధనాలను కాదు. తిండి సహించక, నిద్ర పట్టక, బతకాలన్న కోరికే సన్నగిల్లి వారాల తరబడి ఉంటే అది వాక్యంలోని నిరాశ కాదు, కుంగుబాటు అనే జబ్బు. దానికి వైద్యం ఉంది. 2022 అక్టోబర్‌లో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవకు, 14416 నంబరులో ఫోను చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోను చేయడం దేవుడి మీద అపనమ్మకం కింద ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

దిక్కు

దిక్కంటే తూర్పు పడమరల్లో ఒకటి, ఆశ్రయమూ అదే మాట. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు దిక్కంటే పాతికేళ్లుగా పడమరే, అనగా అమెరికా. 1998 నవంబర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచీ కథ అటే నడిచింది. ఆ పడమర తలుపు బిగుసుకున్నప్పుడు జనం వెళ్లేది నైరుతికి, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున ఉన్న చిలుకూరుకు. 'వీసా బాలాజీ' అన్న పేరు జనం పెట్టిందే.

ఆ గుడి స్థలపురాణం ఈ పదానికి సరిగ్గా వ్యాఖ్యానంలా ఉంటుంది. ఏటా తిరుమలకు వెళ్లే భక్తుడొకాయన ఒక ఏడాది జబ్బుపడి కదల్లేకపోయాడు. ఆయన దిగులుతో ఉండగా స్వామి కలలో కనిపించి, నేను ఇక్కడే దగ్గరి అడవిలో ఉన్నాను, దిగులు పడవద్దు అన్నాడట. వెళ్లి పుట్టను తవ్వుతుంటే గొడ్డలి విగ్రహానికి తగిలి నెత్తురు కారింది. ఆవుపాలు పోసి పుట్టను కరిగించమని మాట వినిపించింది. అలా శ్రీదేవీభూదేవులతో స్వామి బయటపడ్డాడని చెప్పుకుంటారు. అంటే, చేరవలసిన దిక్కుకు చేరలేనివాడి దగ్గరికి దిక్కే వచ్చిందని కథ. గొడ్డలి దెబ్బ సంగతిని మరుగుపరచకుండా చెప్పడం ఈ కథలో నాకు నచ్చే విషయం. వెతికేవాడి చేతిలో గాయం కూడా అయింది. అందుకు స్వామికి కోపం రాలేదు, పాలు పొయ్యమన్న మాట మాత్రం వచ్చింది.

ఇక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. లెక్క తప్పకుండా అంకెల గళ్లు వేసిన చీటీ చేతిలో పట్టుకుని, చుట్టుకో గడి కొట్టేస్తూ, గోవిందా గోవిందా అంటూ వడివడిగా నడుస్తారు. ఐడీ కార్డు ట్యాగు మెడలోంచి తీయడం మరిచిపోయినవాళ్లూ ఉంటారు. హుండీ లేదు, డబ్బిచ్చి ముందుకు వెళ్లే టికెట్టు లేదు. ప్రదక్షిణమంటే పూజ్యమైనదాన్ని కుడివైపున ఉంచుకుని చుట్టూ తిరగడం. ఒక్క చుట్టులో మనిషి ముఖం నాలుగు దిక్కులకూ తిరుగుతుంది, కుడిచేతి వైపు ఉన్నది మాత్రం మారదు.

మొక్కు గురించి ఒక అపోహ ఉంది: ఇది దేవుడితో బేరమని. బేరంలో ఇరుపక్షాలకూ కట్టుబాటు ఉండాలి. ఇక్కడ కట్టుబాటు మొక్కినవాడికే. తీరితే నూట ఎనిమిది చుట్లు తిరుగుతాను అన్నాడు. తీర్చి తీరాలని అవతల ఎవరి సంతకమూ లేదు. ఆ నూట ఎనిమిది కూలి కాదు, కృతజ్ఞత. అంత నడక వల్ల దేవుడికి ఒరిగేదేమిటో ఎవరూ చెప్పలేరు గనుక అది ధర కాదని తేలిపోతోంది.

చెప్పని మాట

వ్యాఖ్యానంలో అధ్యాహారమని ఒకటుంది. అంటే, వాక్యంలో లేకపోయినా అర్థం కోసం మనం తెచ్చి చేర్చుకునే మాట. 'ఇక దేవుడే దిక్కు'లో ఒక మాట లేదు: నాకు. అది సులువుగా చేరుతుంది. దానికంటే ముఖ్యమైన లోటు వేరే ఉంది. వాక్యం ప్రథమ పురుషలో ఉంది, అనగా ఎదుట లేనివాడి గురించి చెబుతోంది. పక్క క్యూబికల్‌లోని స్నేహితుడితో దేవుడి గురించి చెప్పిన సమాచారమిది. దేవుడితో ఒక్క మాటా అనలేదు. కాబట్టి ఇది ఇంకా ప్రార్థన కాదు. 'నాకు ఇక నువ్వే దిక్కు' అన్నప్పుడు ప్రార్థన అవుతుంది. మారింది నమ్మకం పాళ్లు కాదు, పురుష: ప్రథమ నుంచి మధ్యమకు, అనగా 'అతడు' నుంచి 'నువ్వు'కు.

భాగవతాన్ని తెనిగించిన పోతన చూపిన గజేంద్రుడు చేసింది అదే. మొదట అతడు దేవుడి గురించి ప్రథమ పురుషలో ఆలోచిస్తాడు. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. ఇంతకీ ఉన్నాడా, లేడా అని బాహాటంగా సందేహిస్తాడు. మహాభక్తుడైన కవి ఆ సందేహాన్ని దాచలేదు, మెత్తబరచలేదు. ఆ తరువాత ఒంట్లో సత్తువ లేదని చెప్పుకునే పద్యానికి వచ్చేసరికి పురుష మారిపోయింది: నువ్వు తప్ప నాకెవరూ తెలియరు, రమ్మని పిలుపు. ఈ రెండింటి మధ్య సందేహానికి జవాబు దొరికిందని కవి ఎక్కడా చెప్పలేదు. ఉన్నాడని తేలాక పిలవలేదు. తేలకుండానే పిలిచాడు.

శరణాగతికి ఆరు అంగాలని వైష్ణవశాస్త్రం లెక్క. అందులో ఒకటి గోప్తృత్వవరణం, అంటే నన్ను కాపాడు అని నోరు తెరిచి కోరడం. కాపాడతాడన్న విశ్వాసాన్ని వేరే అంగంగా చెప్పి, మళ్లీ కోరడాన్ని విడిగా ఎందుకు చెప్పారు? అన్నీ తెలిసినవాడికి చెప్పడమెందుకన్న ప్రశ్న వాళ్లకూ వచ్చింది. కోరకపోతే సంబంధం ఒకవైపే ఉంటుందని, జీవుడి వైపు నుంచి ఆ పిలుపు రావాలని వారి భావం.

అలా నోరు తెరిచి అడిగినవాడి జాడ ఒకటి దగ్గర్లోనే ఉంది. హైటెక్ సిటీ నుంచి దక్షిణంగా వెళితే గోల్కొండ. కోట పైకెక్కి చూస్తే పడమటి వైపు ఐటీ టవర్లు వరుసగా కనిపిస్తాయి. కింద రామదాసు జైలని చూపించే గదిలో గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి రూపాలున్నాయి. 1672 నుంచి 1687 దాకా ఏలిన తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే రామదాసు, సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించి ఇక్కడ ఖైదయ్యాడు. పన్నెండేళ్లని ప్రసిద్ధి. ఆ కాలంలో పాడాడని చెప్పే కీర్తనల్లో ఒకటి దాదాపు పద్దుల పుస్తకం. సీతమ్మకు పతకం, భరతుడికి పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు. దేనికెంత పట్టిందో లెక్క చెప్పి, ఎవరి సొమ్మని ఇంత కులుకు అని రాముణ్ణే నిలదీశాడు. చివర, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, నొచ్చుకోకు అని తానే సర్దుకున్నాడు.

దీన్ని నిందాస్తుతి అని పుస్తకాలు సర్దిచెబుతాయి. నిందాస్తుతి అంటే, పైకి తిట్టు, లోపల పొగడ్త, అదొక చమత్కారం. ఈ కీర్తనలో చమత్కారం తక్కువ. తిట్టు తిట్టే, నొప్పి నొప్పే. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒక్కచోట కూడా 'రాముడు ఇలా చేశాడు' అని జైలు కాపలావాడితో చెప్పుకోలేదు. అంతా రాముడితోనే. అందుకే అది ప్రార్థన. దేవుడి గురించి మర్యాదగా, పెద్ద మాటలతో ఎంతసేపు మాట్లాడినా ప్రథమ పురుషలో ఉన్నంతసేపూ అది ఉపన్యాసమే.

మిగతా సంప్రదాయాల్లోనూ ఇదే కనిపిస్తుంది. బైబిల్ కీర్తనల గ్రంథంలో ఇరవైరెండో కీర్తన దేవుడు తనను విడిచిపెట్టేశాడన్న ఆక్రోశంతో మొదలవుతుంది. విడిచిపోయాడని అనుకుంటున్నవాణ్ణే 'నా దేవా' అని సంబోధిస్తుంది. ఖురాన్ ఇరవై ఒకటో సూరాలో యూనుస్ ప్రవక్త చీకట్లలో చేసిన దువాలో, నీవు తప్ప దేవుడు లేడన్న నిశ్చయం ఉంది. అన్యయోగవ్యవచ్ఛేదం, అదీ మధ్యమ పురుషలో. తప్పు తనదేనన్న ఒప్పుకోలు కూడా దాని వెంటే వస్తుంది.

చివరి శంక

పిలిచినా పని జరగకపోతే? పదకొండు చుట్లూ తిరిగాడు, స్లిప్పు కాస్తా తిరస్కారంగా ఖాయమైంది. ఆ పిలుపు వృథాయేనా?

ఫలం వేరు, ప్రార్థన వేరు అని ఒక్క మాటలో తేల్చేస్తే అది పూర్తి నిజం కాదు. ఆర్తుడు ఫలం కోసమే వచ్చాడు. దాన్ని చిన్నబుచ్చే హక్కు వ్యాఖ్యాతకు లేదు. గజేంద్రుడి దగ్గరికి స్వామి పరుగున వచ్చాడు. రామదాసుకు మాత్రం, కథ చెప్పే ప్రకారమే, రామలక్ష్మణులు వచ్చి పైకం కట్టేదాకా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్ల పొడవునా పాట ఉంది, జవాబు లేదు. రాముణ్ణి నిలదీసిన ఆ కీర్తనా ఆ వ్యవధిలోనిదేనంటారు.

ఇక చిలుకూరు లెక్క. పని కానివాడు నూట ఎనిమిదికి బాకీ లేడు. మొక్కు 'తీరితే' అన్న షరతుతోనే పుట్టింది కనుక, తీరనప్పుడు దోషం అంటదు. కొట్టేసిన పదకొండు గళ్ల చీటీ జేబులో ఉంటే ఉండనీయవచ్చు, పారేయవచ్చు. మళ్లీ వెళ్లి మరో పదకొండు తిరగడానికి అడ్డేమీ లేదు. ఈసారి రామదాసులా ఖర్చుల లెక్క చదివినా, అది గర్భగుడి వైపు తిరిగి చదివినదైతే, పైన చెప్పిన లక్షణం ప్రకారం ప్రార్థనే.